తమ్ముడి గొణుగుడు

మొన్న ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే బస్సులో, నా ముందు సీటులోని తల్లి తనలో తాను గొణుక్కుంటున్న ఎదిగిన కొడుకు నోటిని కొంగుతో మూసేస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఏదో అనబోయి ఆగిపోయాను, ఆ తల్లి భయం నాకు కొత్తదేమీ కాదు.

మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని జవాబులు చెబుతూ ఒకసారి మా లింగంపేట దాటి వెళ్ళిపోయాడు. వాగు దగ్గర దొరికినప్పటి నుంచీ బాపు వాణ్ణి పశువుల పగ్గంతో మంచానికి కట్టేసేవాడు. కామారెడ్డి ఆసుపత్రి మందులతో ఆ గొంతులు తగ్గి పగ్గం విప్పారు గానీ, ఏ పనైనా సగంలో మరిచిపోయేవాడు. అందుకని అక్కడి సైకాలజిస్టు మేడమ్ వాడికి ధ్యాస నిలిపే సాధన మొదలుపెట్టింది, మా ఇంటి బీడీల పనితోనే. లోపల ఏం నేర్పేదో బయట బెంచీ మీద కూర్చున్న మాకు తెలిసేది కాదు. బాపుది మాత్రం ఒకటే మాట: మళ్ళీ ఒంటరిగా మాట్లాడితే పగ్గమే, ఇక కామారెడ్డి లేదు.

ఒక మధ్యాహ్నం నేను అన్నం వారుస్తుంటే అరుగు మీద నుంచి గొణుగుడు వినిపించింది. అయ్యో, అయిపోయింది అనుకున్నాను. బయటికి వచ్చేసరికి బాపు కొట్టంలోంచి పగ్గం తెచ్చేశాడు, కన్నతల్లి కదా, అవ్వ ఏడుస్తోంది, తమ్ముడేమో ఒళ్ళో చాట పెట్టుకుని గొణుగుతూనే ఉన్నాడు. ఎవరితో మాట్లాడుతున్నాడోనని వాడి నోటి దగ్గర చెవి పెట్టాను.

"ఆకు కత్తిరియ్యాలె... తంబాకు పొయ్యాలె... సుట్టాలె... దారం కట్టాలె..."

"బాపూ, ఆగు! పని చెప్పుకుంటున్నడు, గంతే!" అని అరిచాను.

తమ్ముడు తలెత్తాడు. "మేడమే చెప్పింది బాపూ. పైకి అనుకుంట చేస్తే మర్సిపోనట. ఆపుమంటవా?"

బాపు పగ్గం పారేసి వాడి పక్కన కూలబడి, "ఆపకు బిడ్డా, నాకు ఇనవడేటట్టు అను" అన్నాడు. ఆ తర్వాత ఎన్నో మధ్యాహ్నాలు ఇద్దరూ కలిసే అనేవారు.

ఇప్పుడు బాపు లేడు, అవ్వ లేదు, మా వాడలో బీడీలు చుట్టేవాళ్ళూ తగ్గిపోయారు. తమ్ముడు పెదవి కదపకుండానే చుట్టేస్తాడు. ఆ మాటలు మెల్లగా లోపలికి పోవడమే బాగుపడటమని మేడమ్ ముందే చెప్పింది. సంతోషమే, కాదనను. అయినా ఆ అరుగు మీద కూర్చుంటే, తండ్రీ కొడుకుల గొంతులు కలిసి మళ్ళీ ఒక్కసారి వినబడితే బాగుండునని ప్రాణం కొట్టుకుంటుంది.