నన్ను పీకెయ్యొద్దు నాన్నా

మిరప పండించే ఇంట్లో పుట్టిన పిల్లలకు భయాలు కూడా చేలోంచే వస్తాయి. ఆ రోజుల్లో మా ఊరి పిల్లలంతా దయ్యాలకు భయపడుతుంటే, నేను వైరస్‌కు భయపడేదాన్ని. ఆ ఏడు మా మిరపచేలో జెమిని వైరస్ పడింది. ఆకులు ముడుచుకుపోయి మొక్క గిడసబారిపోయేది. నాన్న పొద్దున్నే సాళ్ళ వెంట నడుస్తూ అలాంటి మొక్కను వేళ్ళతో సహా పీకి, నేను పట్టుకున్న గోతంలో వేసి, గట్టు పక్కన గుంత తీసి పాతిపెట్టేవాడు. "దీనికి మందు లేదే. జాలిపడి ఉంచామా, పక్కదానికి అంటుకుద్ది" అనేవాడు. (నేను ఒకటి రెండు మొక్కల ఆకులు చేత్తో సాపు చేసి చూశాను. నాన్న కళ్ళు కప్పడం నా వల్ల కాలేదు.)

సరిగ్గా అప్పుడే నాకు ఒళ్ళంతా పొక్కులు లేచాయి. ఆదివారం చర్చి మానని మా నాయనమ్మ, ఆటలమ్మ అనే పేరు పలక్కుండానే మంచం మీద వేపాకు పరిచింది. పొన్నూరు డాక్టరుగారు చూసి, "ఇది వైరస్ అండి, దీనికి మందంటూ లేదు. పిల్లని విడిగా ఉంచండి, తమ్ముడికి అంటుకుంటుంది" అన్నారు. (దానంతటదే తగ్గిపోతుందని కూడా అన్నారట. నా బుర్రకెక్కితేగా!)

మర్నాడు కిటికీలోంచి చూస్తే నాన్న పెరట్లో గుంత తీస్తున్నాడు. పక్కనే గోతాలు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాన్న మంచివాడే, కానీ ఆ మొక్కల్ని మాత్రం ప్రేమగా పెంచలేదా? నాయనమ్మ పౌడరు సగం డబ్బా మొహానికి పులుముకుని, పెరట్లోకి వెళ్ళి నవ్వాను.

"నాన్నా, నాకు తగ్గిపోయింది చూడు."

"ఏందే ఆ మొహం? లోపలికి పో" అంటూ నాన్న పార పట్టుకునే ఒక అడుగు ముందుకేశాడు.

"నన్ను పీకెయ్యొద్దు నాన్నా! తమ్ముడి దగ్గరికి పోనుగా!" అని వీధంతా వినపడేలా ఏడ్చాను.

నాన్నకు సంగతి అర్థం కావడానికి కాసేపు పట్టింది. నా స్నానానికి గోతాలతో దడి కట్టాలని, రాటల కోసం తీస్తున్న గుంతట అది. "నువ్వు మొక్కవంటే పిచ్చిమొహమా!" అని పార అవతల పడేసి, పౌడరుతో పొక్కులతో సహా నన్ను గట్టిగా హత్తుకున్నాడు. "ముట్టుకోమాకరా, నీకు చిన్నప్పుడు ఇది పొయ్యలేదు" అని నాయనమ్మ గుమ్మంలోంచి మొత్తుకుంటూనే ఉంది. నాన్న వదల్లేదు.

నేను లేచి తిరిగేసరికి ఆయన మంచాన పడ్డాడు. పెద్దవాళ్ళకు పోస్తే ఎంత తీవ్రంగా ఉంటుందో అప్పుడు చూశాను. జ్వరంలో ఆయన ఏదేదో మాట్లాడుతుంటే, నా భయమంతా ఆయన మీదికి మళ్ళింది. నిద్రపోతున్న నాన్న ఊపిరి తీస్తున్నాడో లేదో ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని. ఆయన కోలుకునేలోగా, పీకేవాళ్ళు లేక చేను చాలావరకు ముడుచుకుపోయింది.

నాన్న నుదుటి మీద ఇప్పటికీ రెండు గుంటలు పడ్డ మచ్చలున్నాయి. అవేమిటని మా పాప అడిగితే, "మీ అమ్మ పెట్టిన బొట్లే తల్లీ" అంటాడు. నేను నవ్వుతాను. ఆ పౌడరు మొహప్పిల్ల గుర్తొచ్చి, నవ్వు సగంలోనే ఆగిపోతుంది.