కన్నడ కిటికీ దగ్గర తిన్న తిట్లు

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేం కాదు, ఇప్పుడున్న ఫోనుకు ముందు ఫోను నా చేతిలో ఉన్న రోజుల్లో. మనిషికి ఏ భాష వస్తే ఆ భాషలో మాట్లాడతాడని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. (ఉద్యోగం వచ్చింది కూడా ఆ నమ్మకం మీదే.) రాయదుర్గం అవతల, కర్ణాటకను ఆనుకుని ఉన్న ఒక మండలాఫీసులో, జనానికి కన్నడలో కూడా పనులు చేసిపెట్టాలని ప్రభుత్వం కొత్తగా ఒక కిటికీ తెరిచింది. బెంగళూరులో పెరిగిన తెలుగువాణ్ణి కదా, దాని వెనక నన్ను కూర్చోబెట్టారు.

జనం బస్సు దిగి, కన్నడలో కబుర్లాడుకుంటూ వచ్చేవాళ్లు. నా కిటికీ ముందుకు రాగానే తెలుగు అందుకునేవాళ్లు. కన్నడలో అడిగితే తెలుగులో జవాబు. మళ్లీ కన్నడలో అడిగితే, నాకు చెవుడేమో అన్నట్టు ఇంకా గట్టిగా తెలుగులో జవాబు. నాకేమీ అర్థం కాలేదు. పక్కన తెలుగు కిటికీలో కూర్చునే అన్నను అడిగితే, "వాళ్లు అట్లేలేప్పా, నువ్వు ఫోను చూసుకో" అన్నాడు. చూసుకునేవాణ్ణి.

అంతలో జిల్లా నుంచి పెద్దసారు వస్తున్నారని తెలిసింది. కన్నడ కిటికీ దగ్గర కన్నడ వినబడకపోతే దాన్ని మూసేస్తారట. కిటికీతో పాటు నన్ను కూడా. సారు వచ్చే పొద్దు వరసలో ముందు నిలబడింది ఒక అవ్వ, రేషన్ కార్డులో మనవరాలి పేరు ఎక్కించుకోవడానికి వచ్చింది. సారు జీపు ఆగేలోపు ఆమెను బతిమాలుకున్నాను.

"అవ్వా, సారు ముందర కన్నడలో మాట్లాడవ్వా, ప్లీజ్."

"ఏమప్పా, నీకు తెలుగు రాదా?"

"వచ్చవ్వా. కానీ ఇది కన్నడ కిటికీ."

"కన్నడం ఇంట్లో మాట కదప్పా. ఆఫీసుకొచ్చి ఇంట్లో మాట మాట్లాడితే ఏం మర్యాద? అందులో సారు గూడా వస్తాండాడు."

సారు వచ్చి నా వెనకే నిలబడ్డారు. (గోదావరి వైపు మనిషి, కన్నడ ముక్క రాదు.) నేను కన్నడలో పేరడిగాను. అవ్వ బడిలో పాఠం అప్పజెప్పినట్టు తెలుగులో చెప్పింది. ఊరడిగాను. మళ్లీ తెలుగే. సారు గడియారం చూసుకున్నారు. కళ్లముందే ఉద్యోగం పోతుంటే నాకు ఒళ్లు మండిపోయి, "ఇంత మొండిదానివేంటి, నీ పని చెయ్యను పో" అని కన్నడలో అరిచేశాను.

అవ్వ నా వైపు ఒక్క చూపు చూసి, కొంగు నడుముకు చుట్టింది. "నిన్ బాయిగె మణ్ణు హాక" అంటూ ముందు నా నోట్లో మన్ను కొట్టి, ఆ తర్వాత నన్ను కన్నవాళ్ల దగ్గర్నుంచి నా చేతిలో ఫోను దాకా ఏదీ వదలకుండా, కన్నడలో కడిగి ఆరేసింది. వెనక వరసంతా కన్నడలోనే వంత పాడింది.

సారు ముఖం వెలిగిపోయింది. "ఏమంటున్నారయ్యా ఆవిడ?"

"వాళ్ల భాషలో పని జరుగుతోందని సంతోషపడుతున్నారు సార్."

కిటికీ నిలిచింది. జీపు కదిలాక అవ్వ చల్లబడి, "ఇంగ నా మనవరాలి పేరు ఎక్కియ్యప్పా" అంది, మళ్లీ తెలుగులో. ఎక్కించాను.

ఇప్పుడు వేరే ఊళ్లో, అందరూ మర్యాదగా మాట్లాడే ఆఫీసులో పనిచేస్తున్నాను. కన్నడం ఇంట్లోవాళ్లతో మాట్లాడేదని అవ్వే కదా చెప్పింది. మరి ఆ పొద్దు నన్ను ఎవరనుకుని అన్ని మాటలంది? ఫోను చూస్తూ చూస్తూ ఆ సంగతి గుర్తొస్తుంటుంది. ఇప్పటికీ అర్థం కాదు గానీ, కాసేపు ఫోను పక్కన పెట్టి నవ్వుకుంటాను.