నాలుగు కట్టల లెక్క

నా చిన్నప్పుడు, పెద్దపల్లి దగ్గర మేముండే వాడలో ఆడవాళ్లంతా బీడీలు చేసేవారు. మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, రోజుకు వెయ్యి చేసేది. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట, వెయ్యికి నలభై కట్టలు. అవ్వకు చదువు రాదు కానీ ఆమె లెక్క తప్పగా నేను చూడలేదు.

పక్కింటి అక్క ఇంటర్ చదువుతూనే బీడీలు చేసేది. పరీక్షల నెలలో ఆమెకు కామెర్లయ్యాయి. గ్రూపు సబ్జెక్టుల్లో ఆరువందలకు మూడువందల అరవై వచ్చాయి. హైదరాబాద్‌లో ఒక పెద్ద కాలేజీలో చేరాలని ఆమె ఆశ. అక్కడ సీట్లు కొన్నే, ప్రవేశ పరీక్ష రాయాలి. దరఖాస్తు గడువుకు ముందురోజు దాని మీద సంతకం కోసం వెళితే ఆమె ఇంటర్ కాలేజీ సారు మార్కులు చూసి, "శానా తక్కువున్నయి, నీకు రాదు. ఊకె ఎందుకు పరేషాన్ అయితవు" అన్నాడట. సంతకం మాత్రం పెట్టాడు. అక్క ఆ కాగితం మడిచి తెచ్చి, పొయ్యిలో వేయమని అవ్వకిచ్చింది.

అవ్వ వేయలేదు. నా చేతికిచ్చి చదవమంది. నూటికి ఇరవై అయిదు పాళ్లు ఇంటర్ మార్కులకు, డెబ్బై అయిదు ప్రవేశ పరీక్షకు అని దాని వెనక రాసి ఉంది. అవ్వ చాటలోంచి నాలుగు కట్టలు తీసి నేలమీద వరుసగా పెట్టింది.

"గీ ఒక్క కట్ట నీ ఇంటర్. గీ మూడు నువ్వింక రాయని పరీక్ష. ఇంటర్ల ఎన్ని పోయినయి?"

లెక్క నేను వేశాను. అయిదింట రెండు పాళ్లు పోయాయి, అంటే ఇరవై అయిదులో పది. అవ్వ మొదటి కట్ట దారం విప్పి పది బీడీలు పక్కకు తీసింది.

"మంచిగ చదివినోళ్లకు?"

"రెండో మూడో పోతయి చిన్నమ్మా."

"రెండే అనుకో. వాళ్లు నీకన్న ఎనిమిది బీడీలు ముందటున్నరు. గా ఎనిమిదిటి కోసం నాలుగు కట్టలు పొయ్యిల వేస్తవా? కార్ఖానల రోజు నాయి బాగలేవని గంతకన్న ఎక్కువనే తీసేస్తరు. నేను బీడీలు బంద్ వెట్టిన్నా?"

పరీక్షలో నూట యాభై ప్రశ్నలు. మూడు కట్టలకు పంచితే బీడీకి రెండు. "ఎనిమిది బీడీలకు పదహారు ప్రశ్నలు ఎక్కువ చేస్తే చాలు" అన్నాను. అక్క కళ్లు తుడుచుకుని, "పదహారేనా" అంది. పొద్దున మొదటి బస్సుకే వెళ్లి దరఖాస్తు ఇచ్చి వచ్చింది.

ఆ ఏడు సీటు రాలేదు. మూడు ప్రశ్నల దూరంలో ఆగింది. సారు ఎదురై, "నేను జెప్పలేదా" అన్నాడట. "శానా తక్కువన్నరు సార్. మూడే తక్కువైనయి" అని, కొత్త దరఖాస్తు మీద సంతకం అడిగి తీసుకుంది. రెండో ఏడు జాబితాలో ఆమె పేరు ఉంది.

మార్కులకు బరువు లేదని నేను అనను. ఆ కాలేజీలో పావు వంతు ఉండేది. అక్క కామెర్లు, ఆమె చేసిన బీడీలు ఆ పావులో ఎక్కడా కనిపించవు. అది అన్యాయమే. కానీ పావును పట్టుకుని అంతా ఇదేనని ఒక పిల్లకు చెప్పడం అంతకన్నా పెద్ద అన్యాయం.

నేను కాలేజీకి పోలేదు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఇప్పుడు వాడ పిల్లలు మెమోలు పట్టుకుని దిగాలుగా వస్తే, ముందు ఆ కాలేజీ నియమం చదవమంటాను. నీకు రాదు అన్నవాళ్లు ఎంతటివాళ్లైనా సరే, ఎన్ని మార్కులు తక్కువై రాదో అడగమంటాను. ఆ అంకె చెప్పలేనివాళ్ల మాట నేను ఈనాటికీ వినను.