బాలత్రిపురసుందరి గారి అమెరికా యాసలు

బాలత్రిపురసుందరి గారిది ఏ ఊరో టొరంటో పక్కనున్న మా ఏజాక్స్‌లో ఎవరికీ సరిగ్గా తెలీదు. తెలుసనుకునేవాళ్ళు మాత్రం చాలామంది ఉన్నారు. పాలకొండ నుంచి వచ్చినవాళ్ళు ఆవిడ మా వైపు మనిషే అంటారు. జగిత్యాల వాళ్ళూ అదే మాట అంటారు. ఒకసారి వినాయకచవితి పూజ దగ్గర ఈ రెండు పార్టీలూ ఎదురుపడి ఆవిడ మావారంటే మావారని వాదించుకుంటుంటే, ఆవిడ మధ్యలో నిలబడి ఎవరి భాషలో వాళ్ళకి మాట కలుపుతూ పులిహోర వడ్డించారు.

ఇందులో మోసమేం లేదు. వాళ్ళ నాన్నగారు విద్యుత్ బోర్డులో ఇంజినీరు. రెండు మూడేళ్ళకోసారి బదిలీ. పాలకొండలో ఓనమాలు దిద్ది ఆదోనిలో మూడో క్లాసులో చేరితే, మొదటిరోజే పిల్లలందరూ ఆవిడ మాట విని నవ్వారు. దసరా సెలవులకల్లా ఆవిడ ఆదోని పిల్లలకే తెలీని ఆదోని మాటలు మాట్లాడుతున్నారు. తర్వాత జగిత్యాల. మళ్ళీ నవ్వులు, మళ్ళీ రెండు నెలల సాధన. తెనాలి కాలేజీలో చేరేసరికి ఆ సాధన రెండు వారాలకి దిగింది.

శ్రీరాములు గారిని పెళ్ళి చేసుకుని కెనడా వచ్చాక స్కార్‌బరోలో ఒక కాల్ సెంటర్‌లో ఉద్యోగం దొరికింది. అమెరికాలో వాషింగ్ మెషీన్లు అమ్మే ఒక కంపెనీ తన కస్టమర్ల గోడు వినడానికి ఆ ఆఫీసు పెట్టించింది. చేరిన రోజున సూపర్‌వైజర్ ఆవిడ పేరు మూడుసార్లు ప్రయత్నించి, మూడుసార్లూ త్రిపుర దగ్గరే ఆగిపోయి, బ్యాడ్జి మీద ‘బెట్టీ’ అని రాసి ఇచ్చాడు. బెట్టీగా ఆవిడ ఇరవై రెండేళ్ళు పనిచేశారు.

ఆ ఇరవై రెండేళ్ళలో అమెరికా మొత్తం ఆవిడ చెవిలోంచి వెళ్ళింది. న్యూయార్క్ వాళ్ళు హలో అనకముందే మేనేజర్‌ని పిలవమనేవాళ్ళు. మిన్నెసోటా వాళ్ళు మెషీన్ పాడైనందుకు తామే క్షమాపణ చెప్పేవాళ్ళు. జార్జియా ముసలమ్మలు ముందు వాతావరణం, తర్వాత కోడలి సంగతి, తర్వాత మోకాళ్ళు, చివర్లో మెషీన్. దక్షిణాదిలో పెన్ను అన్నా పిన్ను అన్నా ఒకేలా వినబడుతుందని ఆవిడ మొదటి నెలలోనే పట్టేశారు. ఏ ఊరి వాళ్ళతో ఆ ఊరి యాసలో మాట్లాడితే కోపం సగానికి తగ్గుతుందని రెండో నెలలో పట్టేశారు. ఇక ఆగలేదు. ఎక్కణ్ణించి మాట్లాడుతున్నావమ్మా అని ఎవరైనా అడిగితే, మీకు దగ్గర్లోనే అనేవారు.

రిటైరయ్యాక ఆవిడకి మిగిలిన వినోదం అమెరికా అధ్యక్ష ఎన్నికల డిబేట్లు. పన్నుల మీద ఎవరేమన్నారో శ్రీరాములు గారు నోట్‌బుక్‌లో రాసుకునేవారు. బాల గారికి ఆ విషయాలేవీ పట్టవు. కళ్ళు మూసుకుని గోరుచిక్కుళ్ళు తుంపుతూ, ఎవరు ఏ ఊళ్ళో పెరిగారో చెప్పేవారు.

ఆ ఏడాది ఒక పార్టీ టికెట్టు కోసం పోటీపడ్డ పదిమందిలో ఒక విత్తనాల వ్యాపారి ఉండేవాడు. కాళ్ళకి బూట్లు, నడుముకి అరచేతంత బకిల్, ప్రతి మూడో వాక్యానికి ‘మా టెన్నెసీ కొండల్లో’. మాట బెల్లప్పాకంలా సాగేది. మిగతావాళ్ళు వాషింగ్టన్ మనుషులు, నేను మీ మనిషిని అన్నది ఆయన ప్రచారమంతటికీ ప్రాణం.

ఆగస్టులో మొదటి డిబేట్. మా వీధిలోనే ఉండే కిరీటి ఇంట్లో అందరం చేరాం. కిరీటి ఐటీ ఉద్యోగి, హైదరాబాద్ నుంచి డాలస్ మీదుగా ఏజాక్స్ చేరినవాడు. అతనికి ఏది కనబడినా ఫోన్లో రికార్డు చేసే అలవాటు. టీవీలో ఎవరో ఆ వ్యాపారిని బాగా రెచ్చగొట్టారు. ఆయన కోపంగా ఏదో అంటూ బ్యాగ్ అనే మాటని ‘బేగ్’ అన్నాడు.

బాల గారు కళ్ళు తెరిచారు.

“ఈయన టెన్నెసీ కాదు. విస్కాన్సిన్. అదీ ఊరవతల, పాడి ఆవులున్న చోట,” అన్నారు.

కిరీటి ఫోను టీవీ వైపే ఉంది కాబట్టి ఆవిడ బొమ్మ పడలేదు, గొంతు పడింది. దాని కింద ఇంగ్లీషు రాసి అతను నెట్‌లో పెట్టాడు. రెండు రోజుల్లో లక్షలమంది చూశారు. వారంలో ఒక విలేఖరి పాత స్కూలు రికార్డులు తవ్వాడు. ఆ వ్యాపారి పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా విస్కాన్సిన్‌లో, ఊరవతల, పాడి ఆవుల మధ్యే పెరిగాడని తేలింది. టెన్నెసీలో ఉన్నది వాళ్ళ అమ్మమ్మ. ఈయన వేసవి సెలవులకి వెళ్ళేవాడు. ఆ తర్వాత ఆయన ఏ మీటింగుకి వెళ్ళినా ప్రత్యర్థుల మనుషులు, విస్కాన్సిన్ పేరు చెబితే గుర్తొచ్చే చీజ్ ముక్కల ఆకారంలో టోపీలు పెట్టుకుని ముందు వరసలో కూర్చోవడం మొదలుపెట్టారు.

టొరంటోలో ఒక రేడియో స్టేషన్ బాల గారిని పిలిచింది. ఆవిడ పట్టుచీర కట్టుకుని వెళ్ళారు. అది రేడియో అమ్మా, చీర కనబడదు అని కూతురు మృదుల ఇంగ్లీషులో చెప్పినా వినలేదు. ఆ కార్యక్రమంలో ఆవిడ ఐదు రాష్ట్రాల యాసల్లో మెషీన్ మూత తెరవడం ఎలాగో చెప్పారు. జార్జియా యాస వచ్చినప్పుడు స్టూడియోలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. బెట్టీ కథంతా కూడా సరదాగా చెప్పేశారు. ఆ రికార్డింగు సరిహద్దు దాటి అమెరికా రేడియోల్లోనూ వచ్చింది.

పదిరోజులకి స్టేషన్ నుంచి ఒక కబురు. జార్జియా దక్షిణాన ఒక చిన్న ఊళ్ళో ఓపల్ అనే ఎనభై రెండేళ్ళ ఆవిడ ఉందట. రేడియో వింటుంటే మా బెట్టీ గొంతు వచ్చింది, నాకు మాట్లాడాలని ఉంది అని నంబరు ఇచ్చిందట.

బాల గారికి ఓపల్ బాగా గుర్తుంది. ఇతర కస్టమర్లు మెషీన్ పాడైతే ఫోన్ చేసేవాళ్ళు, ఓపల్ మెషీన్ బాగున్నా చేసేది. భర్త పోయిన వారం కూడా చేసింది. అప్పుడు బాల గారు అరగంట మాట్లాడి సూపర్‌వైజర్ చేత చీవాట్లు తిన్నారు. ఆ మనిషితో తొమ్మిదేళ్ళు పక్క ఊరిదాన్నన్నట్టు మాట్లాడి, ఇప్పుడు ప్రపంచమంతటికీ అది నాటకమని తనే రేడియోలో చెప్పుకున్నారు.

రెండు రోజులు ఆ నంబరు ఫ్రిజ్ మీదే ఉంది. టెన్నెసీ ఆయన్ని అందరూ ఆడిపోసుకుంటున్నది దేనికో, తను చేసిందీ అదే కదా అన్న ఆలోచన ఆవిణ్ణి వదల్లేదు. శ్రీరాములు గారు అమలాపురం మనిషి. నలభై ఏళ్ళుగా కెనడా ప్లంబర్లతో కూడా అమలాపురం ఇంగ్లీషే మాట్లాడినవారు. ఆయనకి ఈ బాధ అర్థం కాలేదు గానీ, ఫోన్ చెయ్యకపోతే ఇంట్లో పప్పు మాడడం ఆగదని మాత్రం అర్థమైంది. ఆయనే నంబరు కలిపి చేతిలో పెట్టారు.

ఈసారి నిజాయితీగా ఉండాలని బాల గారు తన మామూలు ఇంగ్లీషులో మాట్లాడారు. అవతల ఓపల్‌కి ముక్క అర్థం కాలేదు. తనకేమీ కొనే ఉద్దేశం లేదని చెప్పి ఫోన్ పెట్టెయ్యబోయింది. గత్యంతరం లేక బాల గారు బెట్టీ అయ్యారు. అప్పుడు అవతల నుంచి ఒక పెద్ద నవ్వు.

ఆ తర్వాతి సంభాషణ బాల గారు మాకు చాలాసార్లు చెప్పారు. ఓపల్ మాటలు ఎప్పుడూ ఆదోని తెలుగులోనే చెప్తారు. ఆ సాగదీతకీ ఆ చనువుకీ వేరే తెలుగు సరిపోదంటారు.

“నన్ను క్షమించండి. నేను మీ వైపు మనిషిని కాను,” అన్నారట బాల గారు.

“నీవు మా తట్టుదానివి కాదని నాకు రెండో తూరి ఫోన్ చేసినప్పుడే తెలుసులేమ్మా. మళ్ళీ నాలుగింటికి చేస్తానంటివి, నాలుగింటికే చేస్తివి. మా తట్టు ఎవురు చేస్తారు అట్ల?”

“మరి అప్పుడే అడగలేదేం?”

“నీవు అంత కష్టపడి మాట్లాడుతుంటే అడిగేది మర్యాదనా?”

అంతటితో ఆగకుండా ఓపల్ బాల గారిని వాళ్ళ ఊరికి పిలిచింది. అక్టోబరులో అక్కడ సంత జరుగుతుందట. ఆ టెన్నెసీ ఆయన కూడా ఓట్లకి వస్తున్నాడట.

శ్రీరాములు గారికి అప్పుడే మోకాలి ఆపరేషన్ అయింది. అందుకని బాల గారు ఒక్కరే అట్లాంటాకి ఫ్లైట్ ఎక్కారు. ఓపల్ మేనకోడలు వచ్చి తీసుకెళ్ళింది. ఓపల్ అంటే భారీ మనిషి అనుకున్నారు గానీ, ఎదురుగా చూస్తే భుజం దాకా కూడా రాదట. చర్చికి వచ్చేవాళ్ళందరికీ ‘మా బెట్టీ’ అని పరిచయం చేసింది. చీర చూసి ఎవరైనా ఏదో అడగబోతే, ఈమె నా మెషీన్ తొమ్మిదేళ్ళు నడిపించిన మనిషి అని చెప్పి వాళ్ళ నోరు మూయించింది.

సంత రోజున ఎండ బాగానే ఉంది. ఒక రేకుల షెడ్డు ముందు పెద్ద గంగాళంలో వేరుశనక్కాయలు ఉప్పేసి ఉడకబెడుతున్నారు. బాల గారికి ప్రాణం లేచొచ్చింది. ఆదోనిలో స్కూలు బయట తిన్న బుడ్డలు అవి. కాగితపు పొట్లం తీసుకుని, కాయని నొక్కు దగ్గర కొరికి, ఉప్పునీళ్ళు పీల్చి, గింజలు నాలుకతో లాగి, తొక్క పక్కన పారేస్తూ చకచకా తింటుంటే, కాయలమ్మే ఆయన చూసి మీది ఏ జిల్లా అని అడిగాడు.

ఇంతలో ఆ వ్యాపారి వచ్చాడు. వెనకాల కెమెరాలు, చీజ్ టోపీలవాళ్ళు. టీవీలో కంటే సన్నగా, బాగా అలిసిపోయి ఉన్నాడు. ఎవరో కాయల పొట్లం చేతిలో పెట్టారు. ఆయన ఒక కాయ తీసుకుని గోళ్ళతో వలవబోతే, ఉప్పునీళ్ళు చిమ్మి టై మీద పడ్డాయి. టోపీలవాళ్ళు గోల చేశారు. ఫోన్లన్నీ పైకి లేచాయి.

బాల గారు రెండడుగుల దూరంలో ఉన్నారు. తర్వాత చేసింది తను ఆలోచించి చెయ్యలేదంటారు. ముందుకెళ్ళి, అసలు సిసలు జార్జియా యాసలో, “అలా కాదు బాబూ, ఇలా,” అని ఒక కాయ కొరికి చూపించారు. ఆయన ఆవిణ్ణి చూసి అలాగే చేశాడు. ఈసారి గింజలు నోట్లోకే వెళ్ళాయి. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని, ఇలాంటి నిజమైన పల్లెటూరి మనుషుల మధ్యకి వస్తే తన అమ్మమ్మ ఇంటికి వచ్చినట్టుంటుందని, తన టెన్నెసీ యాసలో అన్నాడు. అవునవును, అమ్మమ్మల చేతి వంటే వేరు అని ఆవిడ తన జార్జియా యాసలో అన్నారు. తన ఊరిని పట్టిచ్చిన గొంతు ఎదురుగా ఉందని ఆయనకి తెలీదు. కెమెరాల్లో ఇద్దరూ ఎంతో సహజంగా పడ్డారట.

వెళ్ళబోతూ ఆయన కాయల పొట్లం పక్కనున్న సహాయకుడికి ఇచ్చి, ఈ సాక్ కాస్త పట్టుకో అన్నాడు. అక్కడివాళ్ళు బ్యాగ్‌ని సాక్ అంటారు. ఆ మాటకి ముందు ఆయన అరక్షణం ఆగాడు. ఆ ఆగడం ఎవరికీ వినబడలేదు, బాల గారికి తప్ప. కొత్త మాట నోట్లో తిరిగేదాకా తను కూడా కాల్ సెంటర్ బాత్రూంలో అద్దం ముందు ఎన్నిసార్లు అనుకున్నారో ఆవిడకి గుర్తొచ్చింది. ఆయన మీద జాలి లాంటిది కలిగింది. కారెక్కాక ఓపల్‌తో, పాపం చాలా కష్టపడుతున్నాడు అన్నారు. ఓపల్ ఒప్పుకుంది. మిగిలిన కాయలు ఇద్దరూ దారంతా తింటూ వచ్చారు.

ఏజాక్స్‌కి తిరిగొచ్చేసరికి కిరీటి సిద్ధంగా ఉన్నాడు. సంత వీడియో అతను చూశాడు. ఈ ముసలావిడే ఆ గొంతు అని చెప్తే పెద్ద గొడవవుతుంది ఆంటీ, పోస్ట్ చెయ్యనా అని అడిగాడు. వద్దన్నారు. అతను రెండుసార్లు అడిగాడు. మూడోసారి ఆవిడ జగిత్యాల తెలుగులో గట్టిగా చెప్పారు. హైదరాబాద్ మనిషి కాబట్టి అది అతనికి వెంటనే ఎక్కింది.

రేడియో వాళ్ళు రెండో డిబేట్‌కి మళ్ళీ పిలిచారు. ఎవరిది అసలు యాస, ఎవరిది నకిలీ అని మార్కులు వెయ్యాలట. ఎవరు ఏ ఊళ్ళో పెరిగారో కావాలంటే చెప్తాను గానీ, నకిలీ అనే మాట నా చేత అనిపించకండి అన్నారు బాల గారు. అలాగైతే కార్యక్రమం పండదని వాళ్ళు ఇంకెవరినో చూసుకున్నారు.

మార్చిలో జార్జియాలో ఆ పార్టీ టికెట్టు కోసం ఓటింగు జరిగింది. ఆ విత్తనాల వ్యాపారి రాష్ట్రం మొత్తం మీద మూడో స్థానంలో వచ్చాడు, ఓపల్ వాళ్ళ జిల్లాలో మాత్రం గెలిచాడు. ఆ మర్నాడు పోటీ నుంచి తప్పుకున్నాడు. బాల గారు ఓపల్‌కి ఫోన్ చేసి, మీ జిల్లా అయినా ఆయన్ని నిలబెట్టింది, సంతోషం అన్నారు.

తను మాత్రం ఆయనకి ఓటెయ్యలేదని చెప్పింది ఓపల్. ఆ పదిమందిలోనే ఉన్న న్యూయార్క్ ఆయనకి వేసిందట. ఆయన ఒక్కసారి కూడా ఆ జిల్లా మొహం చూడలేదు, మాట్లాడితే సగం అర్థం కాదు. మరెందుకు వేశారని బాల గారు అడిగితే, ఆయన చెప్పిన పన్నుల సంగతి తనకి నచ్చిందని చెప్పింది. అవతలి గదిలో శ్రీరాములు గారు నోట్‌బుక్ పట్టుకుని లేచొచ్చి, స్పీకర్ పెట్టమన్నారు.