ఓటీపీ చెప్పని అత్త

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఊరి కష్టాలన్నీ నా కంప్యూటరు తెర మీద ఎర్ర చుక్కలుగా వస్తాయి, నేనొక మీట నొక్కితే పచ్చబడతాయి, అక్కడితో జనం సుఖపడతారని. గరివిడి దగ్గర ఓ గ్రామ సచివాలయంలో కొత్తగా డిజిటల్ అసిస్టెంటుగా చేరాను. పొద్దున్నే ఆమదాలవలసలో రైలెక్కి, ఇన్‌షర్టు నలగకుండా నిలబడే వెళ్లేవాణ్ణి (కూర్చోడానికి చోటూ దొరికేది కాదనుకోండి). ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. చేరిన నెలలోనే మోసగాళ్ల ఫోన్ల గురించి ఊళ్లో చెప్పమన్నారు. ఆటోకి మైకు కట్టించి వీధివీధీ తిరిగాను. "మీ ఫోనుకొచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పకండి! ఆఫీసరునన్నా, అయినవాళ్లమన్నా చెప్పకండి!" నా గొంతు నాకే ముద్దొచ్చి, చివరి వీధిలో మూడుసార్లు తిరిగాను.

ఆ తర్వాత ఫిర్యాదుల యాప్ వచ్చింది. పని పూర్తయిందని ఫిర్యాదును మూసెయ్యాలంటే, అది పెట్టినవాళ్ల ఫోనుకొచ్చే ఓటీపీ కొట్టాలి. ఆ చివరి వీధిలో అందరూ అత్త అని పిలిచే ఓ పెద్దావిడ ఉండేది. కుళాయికి నీళ్లు రావడం లేదని, ఆడవాళ్లంతా ఊరి అవతల బోరు నుంచి బిందెలు మోస్తున్నారని ఫిర్యాదు పెట్టింది. ప్లంబరు వచ్చి వాల్వు మార్చాడు. ధార పడుతుండగా ఫొటో తీసి, "అత్తా, నీ ఫోనుకో నంబరొచ్చింది, చెప్పు" అన్నాను. గడువు ఆ సాయంత్రమే. అది దాటితే నా పేరు పై అధికారులు చూసే ఆలస్యాల జాబితాకెక్కుతుంది, పర్మినెంటు వెనక్కి పోతుంది.

అత్త ఫోను రొంటిన దోపుకుంది.

"సెప్పను."

"అడిగేది నేనే కదత్తా!"

"నువ్వే గదేటి బాబూ మైకులో సెప్పినావు, ఆఫీసరడిగినా సెప్పొద్దని? మూడుసార్లు ఇన్నాను."

"ఆ నంబరు వేరు, ఈ నంబరు వేరు."

"దొంగోడు గూడా అలాగే అంటాడని నువ్వే సెప్పినావు!"

మా కార్యదర్శి గారికి ఫోను కలిపి ఇచ్చాను. ఆయనకీ అదే జవాబు. చివరికి నా మొహం చూసి జాలిపడిందేమో, ఒక మెట్టు దిగింది. "మూడ్రోజులు నీళ్లొస్తే నాలుగోనాడు సెప్తాను. ఇయ్యాలొచ్చి రేపు మానేస్తే నానేటి సేస్తాను?"

నా పేరు జాబితాకెక్కింది. మర్నాడు కోపంగా ఆ వీధికి వెళ్తే కుళాయిలో చుక్క లేదు. ముందునాడు అత్త ఆ నంబరు చెప్పి ఉంటే నా తెర మీద పచ్చ చుక్క ఉండేది, ఆ వీధి ఆడవాళ్ల చంకల్లో ఖాళీ బిందెలుండేవి. నాకు నిజంగా సిగ్గేసింది. తవ్విస్తే కల్వర్టు కింద పైపు పగిలి ఉంది. అది బాగయ్యాక మూడు రోజులు వరసగా నీళ్లొచ్చాయి. నాలుగోనాడు అత్తే సచివాలయానికి నడిచొచ్చి, ఫోను నా చేతిలో పెట్టింది. "సదువుకో బాబూ. జాగ్రత్తగా దాసినాను, ఎవులికీ సెప్పలేదు."

ఆ ఓటీపీ పది నిమిషాలకే చెల్లకుండా పోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. భక్తిగా ఆ ఆరంకెలూ కొట్టి, ఆవిడ మంచినీళ్లు తాగుతుండగా మెల్లగా కొత్తది తెప్పించుకున్నాను. నా పర్మినెంటు మాత్రం అందరికన్నా ఆర్నెల్లు ఆలస్యమైంది.

మొన్న మా వీధి దీపం వెలగడం లేదని నేనే ఫిర్యాదు పెట్టాను. బల్బు మార్చి ఓటీపీ అడిగాడు కొత్త ఉద్యోగి, ఇన్‌షర్టు నలగని మనిషి. "మూడ్రోజులు వెలగనీ తమ్ముడూ, నాలుగోనాడు నేనే వచ్చి చెప్తాను" అన్నాను. అతను నా వైపు చూసిన చూపు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు అది నాదే.