మా తాతయ్య వెనక్కి తిప్పిన రోజు

పరుగెత్తే కాలాన్ని ఎవరూ ఆపలేరని పెద్దపెద్దవాళ్లంతా చెబుతారు. పాపం, వాళ్లెవరూ మా తాతయ్యను చూసి ఉండరు. ఆయన కాలాన్ని ఆపడమే కాదు, చెవి పట్టుకుని వెనక్కి నడిపించగలడు. కావలసిందల్లా ఒక స్టూలు, ఆ స్టూలు కదలకుండా పట్టుకోవడానికి నేను.

గడియారం ముల్లు కనబడితే మా తాతయ్య చెయ్యి ఊరుకోదు. మిల్లులో కూత వేయడం ఆయన ఉద్యోగం. ఆయన మీట నొక్కితే వీధులన్నీ నిద్రలేచేవి, మళ్లీ నొక్కితే ఇంటిదారి పట్టేవి. ఇప్పటికీ అందరూ ఆయన్ని కూత తాత అనే పిలుస్తారు. రిటైరైన మర్నాడే స్టూలెక్కి గోడగడియారాన్ని దించాడట.

"జన్మంతా అది చెప్పినట్టు నేను విన్నాను. ఇక నేను చెప్పినట్టు అది వింటుంది" అన్నాడట.

వింటోంది పాపం. బీమా ఏజెంటు ఒకాయన మా ఇంటికొస్తే లేచేవాడు కాదు. తాతయ్య మంచినీళ్ల వంకతో లేచి ముల్లు ముందుకు తోసేవాడు. "అరె, అప్పుడే ఏడైందా!" అంటూ ఆయన చెప్పులు వెతుక్కునేవాడు. కిటికీలోంచి ఎండ మొహాన కొడుతున్నా సరే, గోడమీదున్నదే వేదం.

రోజూ గంట నడవాలని డాక్టరు చెప్పాడు. తాతయ్య వీధి మలుపు దాకా వెళ్లొచ్చి ముల్లు గంట జరిపాడు. "మావయ్యగారూ, అప్పుడే వచ్చేశారేం?" అంది అమ్మ. "గంటయింది. నమ్మకపోతే గడియారాన్నే అడుగు" అన్నాడు.

నా పదో తరగతి లెక్కల పరీక్ష రోజున అలారం గడియారాన్ని వెనక్కి తిప్పాడు. పిల్ల హాయిగా నిద్రపోతోందట! నేను వెళ్లేసరికి గేటు వేసేశారు. నా చదువు ఆగిపోవడానికి కారణం ఆయనేనని నేను అందరికీ చెబుతుంటాను. టైముకు వెళ్లినా అది తప్పేదేనని ఆయన అందరికీ చెబుతుంటాడు. ఇద్దరివీ నిజాలే.

ఇక అసలు సంగతి. మా అత్త, అంటే తాతయ్య కూతురు, ఒక సూట్‌కేసుతోనూ ఒక కంప్యూటరుతోనూ పుట్టింటికి తిరిగొచ్చేసింది. ఆమె భర్త ఒక పొద్దున తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. ఎవరితో వెళ్లాడో మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ మా ఇంట్లో ఆ మాటలన్నీ వంటగదిలో పుట్టి, అత్త అడుగుల చప్పుడు వినగానే అక్కడే చచ్చిపోతాయి. ఉద్యోగం దొరికితే వేరే గది చూసుకుంటానని అత్త ఒకరోజు అంది. ఎవరైనా వద్దంటారేమోనని కాసేపు నిలబడింది కూడా. అమ్మ గిన్నెలు సర్దుకుంది. నాన్న పేపరు తిప్పాడు. తాతయ్య మాత్రం లేచి గడియారానికి కీ ఇచ్చాడు.

అప్పటికి ఆయన చెయ్యి పడని గడియారం అత్త కంప్యూటరులో ఉన్నదొక్కటే.

"ఏమే కోతీ, ఈ పెట్టెలో గడియారానికి కీ ఎక్కడిస్తారు?" అనడిగాడొకసారి.

మా ఇంట్లో నేనే ఇంజనీరుని. చదువు లేకపోతేనేం, ధైర్యం ఉంది. తెర మూలనున్న గడియారం నొక్కి, దానంతటది తిరగడం ఎలా మాన్పించాలో, తేదీ ఎలా మార్చాలో చూపించాను. "ఓస్, ఇంతేనా!" అన్నాడు. ఆయన ఓస్ అన్నప్పుడే నేను భయపడాల్సింది.

అత్త చాలా చోట్ల అర్జీలు పెట్టుకోగా, ఒకే ఒక్క కంపెనీ పరీక్షకు పిలిచింది. ఉదయం పదకొండుకి, ఇంట్లోనే, కంప్యూటరులోనే రాయాలి. ఫోనులో కుదరదు. ఆలస్యమైతే మళ్లీ అవకాశం లేదు. అత్త జడ బిగించి కూర్చుని బ్రౌజరు తెరిచింది. ఎర్రటి త్రికోణం వచ్చింది. ఇంకో సైటు తెరిచింది. అదే త్రికోణం. అత్త మొహం పాలిపోయింది.

"లే అత్తా, నేను చూస్తా" అని ఇంజనీరు రంగంలోకి దిగింది.

కంప్యూటరు ఆపి మళ్లీ వేశాను. త్రికోణం. నెట్ డబ్బాని ఆపి వేశాను. త్రికోణం. బ్రౌజరు మింగి దాచుకున్న పాత చెత్తంతా కక్కించాను. త్రికోణం. వేరే బ్రౌజరు తెరిచాను. త్రికోణం మాత్రం మారలేదు, దాని రంగు కాస్త మారింది.

"దుమ్ము పట్టింది. ఎప్పుడైనా తుడిస్తేగా!" అంది అమ్మ. ఆ మాట దుమ్ము గురించి కాదని అందరికీ తెలిసింది.

నాన్న పెట్టెని రెండు దెబ్బలు వేసి చూశాడు. నాన్నకు తెలిసిన వైద్యం అదొక్కటే, నామీద కూడా పనిచెయ్యలేదు. తర్వాత నెట్ అతనికి ఫోన్ చేశాడు.

"ఫోనులో నెట్ వస్తోందా సార్?" అన్నాడతను.

"వస్తోందయ్యా."

"అయితే మా తప్పు కాదు సార్" అని పెట్టేశాడు.

"నా రాతే ఇంత, వదిలేయండి" అంది అత్త మెల్లగా. "ఏది తెరిచినా మూసుకుపోతుంది."

తాతయ్య గుమ్మంలో నిలబడి కండువా కొస నలుపుతున్నాడు. స్టూలు తెమ్మనలేదు, నన్ను కోతీ అనలేదు. ఆ మనిషిని అంత బుద్ధిగా నేనెన్నడూ చూడలేదు.

ఇక చేసేదేమీ లేక, అప్పటిదాకా ఎవరమూ చెయ్యని పని ఒకటి చేశాను. త్రికోణం కింద రాసింది చదివాను. ఎరుపు చూసి భయపడి మూసెయ్యడమే తప్ప, అది ఏం చెబుతోందో వినే ఓపిక మా ఇంట్లో ఎవరికుంది? నా ఇంగ్లీషు కుంటుతూ కుంటుతూ నడిచి అర్థం దాకా చేరింది.

"మీ... గడియారం... వెనకబడి ఉంది."

గదిలో ఉన్న తలకాయలన్నీ ఒక్కసారిగా గుమ్మం వైపు తిరిగాయి.

"నాన్నా!" అని నాన్న గావుకేక పెట్టాడు.

"ఆర్నెల్లే" అన్నాడు తాతయ్య. "ఎక్కువేం తిప్పలేదు."

పెట్టెకేమో అది ఆర్నెల్ల కిందటి రోజు. సైట్లు చూపించే గుర్తింపు పత్రాల మీదేమో తర్వాతి తేదీలు. ఇంకా పుట్టని పత్రాలు చూపిస్తే దొంగలనుకోదూ? దాని తప్పేముంది?

"పిల్ల బతుకు బాగుపడే రోజున ఇదేం పనండీ?" అని అమ్మ. "గడియారాలన్నీ మూటగట్టి నూతిలో పారేస్తాను!" అని నాన్న. నేను గబగబా తేదీ సరిచేశాను. సైటు తెరుచుకుంది. పదకొండు ఇంకా కాలేదు.

అప్పుడే టింగుమంది. తెర మూలన చిన్న చతురస్రం లేచింది. అందులో ఫొటో సగం కనబడిందో లేదో, తాతయ్య ఒక్క గెంతుతో వచ్చి అరచెయ్యి దానిమీద వేశాడు. గంట నడవలేని మనిషి!

"చెయ్యి తియ్యి నాన్నా" అంది అత్త.

"దుమ్ము తుడుస్తున్నా."

"అక్కడే గడియారం ఉంది. నాకు టైము కనబడాలి."

"నేను చెబుతాగా టైము" అన్నాడు తాతయ్య.

నాన్నకు అంత కోపంలోనూ నవ్వాగలేదు. ఆ మాట అనడానికి ఈ భూమ్మీద హక్కులేని మనిషంటూ ఉంటే అది ఆయనే. అత్త నవ్వలేదు. ఆయన వేళ్ల సందుల్లోంచి చూసేసింది. నేనూ చూశాను. 'ఈ రోజు మన పెళ్లిరోజు' అని ఉంది. అత్త భర్త మంచిగా ఉన్న రోజుల్లో ముచ్చటపడి పెట్టినది. ఏటేటా అదే రోజున టింగుమంటుంది. పోయినేడు అది మోగాక అత్త తలుపేసుకుని రోజంతా తిండి ముట్టలేదు. మేమంతా తలనొప్పనుకున్నాం, లేదా అనుకున్నట్టు ఉండిపోయాం. ఆ తేదీ గుర్తుపెట్టుకున్నది ఇంటిల్లిపాదిలో ఒక్క కూత తాతే. పెట్టెలో ఆ రోజే రాకుండా చేస్తే సరిపోతుందనుకున్నాడు.

అత్త ఆయన చెయ్యి మెల్లగా పక్కకు తీసి, ఆ చతురస్రాన్ని మూసేసింది.

"పొద్దున లేవగానే గుర్తొచ్చింది నాన్నా. దానికి నాకు గడియారం అక్కర్లేదు" అంది. వెంటనే "ఇక్కడే కూర్చో" అని కూడా అంది. పరీక్ష అయిపోయేదాకా ఆయన కుర్చీ పక్కనే చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గోడగడియారం కేసి ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ ఉద్యోగం రాలేదు. తర్వాత ఇంకోటి వచ్చింది. అత్త వేరే గదిలోకి మారింది. వెళ్తూ గోడగడియారం అడిగి మరీ పట్టుకుపోయింది. ఆదివారాలు తాతయ్య వెళ్లి దాన్ని పాడుచేసి వస్తుంటాడు.

"ఒకవేళ ఎవరూ కనిపెట్టకపోతే, ఆర్నెల్ల తర్వాత ఆ పెట్టెలో అదే రోజు మళ్లీ వచ్చేది కదా తాతయ్యా?" అనడిగానొకసారి.

"మళ్లీ తిప్పేవాణ్ణి."

"నాతో ఒక్క మాట చెబితే, ఒక్క నొక్కుతో తీసిపారేసేదాన్ని కదా? ఎందుకు చెప్పలేదు?"

అప్పుడు కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. నిన్న ఈ రాసిందంతా ఆయనకు చదివి వినిపించాను. కళ్లు మూసుకుని ఆఖరిదాకా విన్నాడు.

"లోకమంతటికీ చెప్పేస్తున్నావుగా?" అన్నాడు.

"ఆఁ."

"అందుకే నీకు చెప్పలేదు."