పెద్దమ్మ బుగ్గ

మా పెద్దమ్మ ఎస్తేరు 'నొప్పి' అనగా విన్నవాళ్లు దేవరుప్పులలో లేరు. తేలు కుట్టినా "పాపం, దాని కొండి ఇరిగిందేమో సూడుండ్రి" అన్న మనిషి.

అలాంటి మనిషికి భుజం ఆపరేషన్ చేసి, మొద్దుబారే మందు నింపిన బుడగ ఒకటి సంచిలో పెట్టి మెడకు తగిలించి ఇంటికి పంపారు. దాని సన్నటి గొట్టం భుజంలోకి వెళ్తుంది. మందు బొట్టుబొట్టుగా దిగేకొద్దీ బుడగ చిన్నదవుతుంది. మా వైపు బుడగను బుగ్గ అంటాం.

"నొప్పి ఉంటే ఫోన్ చెయ్యండి" అన్నాడు డాక్టరు.

"నొప్పా? నాకా? గీ బుగ్గ నువ్వే ఏస్కో!" అని దవాఖానంతా వినబడేలా లేచింది పెద్దమ్మ.

మా అమ్మ రాణి ఆమెకు చెల్లెలు. అమ్మ భుజమూ అట్లాగే పాడైంది. జడ వేసుకుందామన్నా చెయ్యి లేవదు. ఆపరేషన్ అంటే మాత్రం చచ్చినా ఒప్పుకోదు. అక్క ముఖంకేసే బెదురుగా చూస్తూ కూర్చుంది.

మర్నాడు దవాఖాన నుంచి నర్సు ఫోన్ చేసింది. కోనసీమ పిల్ల.

"ఎలా ఉన్నారండీ?"

"మంచిగున్న. బుగ్గ సగమైంది."

"బుగ్గ సగమా! ఏ వైపండీ?"

"ఎడమ దిక్కు."

"మూతి వంకరపోయిందా?"

"నా మూతి సంగతి నీకెందుకే?"

"కంగారుపడకండి, అంబులెన్స్ పంపిస్తున్నా!"

నేను ఫోన్ లాక్కుని, అది చెంప కాదు తల్లీ, మందు బుడగ అని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

మందు అయిపోయాక దవాఖానలో గొట్టం తీయించుకొచ్చాం. ఇక అసలు కథ మొదలైంది. పెద్దమ్మ నుదుటి మీద చెమటలు.

"అక్కా, నొస్తుందా?" అంది అమ్మ.

"గీమె సూడు! నొస్తె పాట పాడుతరానె?" అని కీర్తన ఎత్తుకుంది.

అమ్మ వంటింట్లోకి వెళ్లగానే పెద్దమ్మ నా మణికట్టు పట్టేసింది. "గోలి తే బిడ్డా, పాణం పోతంది. మీయమ్మకు జెప్పకు. నాకు నొస్తుందని తెలిస్తె అది జన్మల ఆపరేషన్‌కు పోదు."

ఇన్నాళ్లూ పొగరనుకున్నాను. ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.

గోలి కోసం వంటింట్లోకి పోతే, అమ్మ అప్పటికే గోలి, నీళ్లగ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"తీస్కపో. నేనిచ్చిన్నని జెప్పకు. గొంతు గట్ల వణుకుతుంటె నాకెర్క గాదా?"

"మరి నీ ఆపరేషన్?"

"చేయించుకుంట" అంది అమ్మ కొంగు బిగించి. "నొస్తె నొస్తది. నేను గూడ పాడుత. గామెకన్న నా గొంతే మంచిగుంటది."